తొడుగులు లేని ఇల్లు

మూడో రోజు కూడా ఫ్రిజ్ ఒంటి మీద నూలుపోగు లేకుండానే నిలబడి ఉంది.

మిక్సీ అంతే. టీవీ అంతే. గ్యాస్ సిలిండరు, నీలిమ కాపురానికి వచ్చిన ఈ నాలుగేళ్ళలో కుచ్చుల లంగా లేకుండా ఎవరి కంటా పడని సిలిండరు, వంటింటి మూల ఎర్రగా ముడుచుకుని ఉంది.

బుధవారం సాయంత్రం మొదలుపెట్టి అత్తగారు ఆదిలక్ష్మమ్మ ఇంట్లో ఉన్న తొడుగులన్నీ ఒక్కొక్కటే విప్పి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి, ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. కోపం వస్తే కొందరు గిన్నెలు విసురుతారు. ఆవిడ ఇస్త్రీ చేస్తుంది.

"ఏటే ఆదిలచ్చిమీ, ఈ సోఫా ఆకుపచ్చదా?" అన్నాడు మావగారు వరహాలు, శనివారం పొద్దున్న కాఫీ తాగుతూ.

వంటింట్లో ఆదిలక్ష్మమ్మ పోపు వేసింది.

"గోధుమరంగనుకున్నాను ఇన్నాళ్ళూ."

పదకొండేళ్ళ కిందట గాజువాకలో నాలుగు షాపులు తిరిగి, రంగు నచ్చి, ఆయనే ఎంచి కొన్న సోఫా అది.

ఇదంతా ఒక మంచి పని చెయ్యబోవడం వల్ల వచ్చింది. నీలిమ ఫోను ఛార్జింగుకి పెట్టి స్నానానికి వెళ్ళింది. ఫోను మీద దుమ్ము పడుతుందని ఆదిలక్ష్మమ్మ దాని మీద చిన్న గుడ్డ కప్పడానికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే నీలిమ చెల్లెలు పుష్ప, అక్కచెల్లెళ్ళ గ్రూపులో ఏడాది కిందటి మెసేజీ ఒకటి తవ్వి పైకి లాగింది. ఫోను వెలిగింది. పూల ఫ్రిజ్ కవరు ఫోటో. దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో నీలిమ రాసిన తెలుగు మాట. దాని కింద పసుపు మొహాలు, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వుతూ, వరసగా.

ఆదిలక్ష్మమ్మకి ఇంగ్లీషు అక్షరాలు రావు. పసుపు మొహాలు చదవడానికి అవి అక్కర్లేదు.

ఫోను పట్టుకెళ్ళి కొడుకు ముందు పెట్టింది. "ఏటి రాసున్నాదిరా ఇక్కడ?"

ఉదయ్‌కుమార్ ప్లాంటులో సేఫ్టీ విభాగంలో పనిచేస్తాడు. ప్రమాదం జరిగాక నివేదిక ఎలా రాయాలో అతనికి బాగా తెలుసు. "బాగా కుట్టారని రాశారమ్మా," అన్నాడు.

"బాగా కుడితే కళ్ళంట నీళ్ళొచ్చీలా నవ్వుతారేటి?"

"అవి ఆనందబాష్పాలమ్మా."

ఆదిలక్ష్మమ్మ తిన్నగా వెళ్ళి సిలిండరు లంగా విప్పింది.

*

"సాయంత్రం చూపించేవాటిల్లో ఆ ఇరవయ్యో ఫోటో తీసేయ్ నీలిమా," అన్నాడు ఉదయ్, పెరట్లో మోటారు పక్కన నిలబడి, గొంతు తగ్గించి.

"తియ్యను."

"మనం అనుకున్నదేటి? హుద్‌హుద్ తుఫాను. కిటికీలు విరిగిపోవడం. ఇంటి నిండా నీళ్ళు. అప్పట్నుంచీ అమ్మకి భయం, అందుకే అన్నిటికీ తొడుగులు. జనం కళ్ళు తుడుచుకుంటారు, చప్పట్లు కొడతారు, ఇంటికి పోతారు. చివర్లో ఈ మెసేజీ ఎందుకు?"

"అది నేను రాసిందే కదా."

"అందుకే తీసెయ్యమంటున్నాను."

సాయంత్రం ఏడింటికి పోర్టు దగ్గర, పాత గోడౌన్ని బాగుచేసి కట్టిన హాల్లో ఆ కార్యక్రమం. ఊళ్ళో బొమ్మలు గీసేవాళ్ళు, ఫోటోలు తీసేవాళ్ళు, ఇళ్ళ ప్లాన్లు గీసేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఇరవై బొమ్మలు చూపిస్తారు. ఒక్కో బొమ్మ తెర మీద ఇరవై సెకన్లు ఉంటుంది. తర్వాత దానంతట అదే మారిపోతుంది. చెప్పదలుచుకున్నది ఆలోగా చెప్పాలి. మొత్తం ఆరు నిమిషాల నలభై సెకన్లు.

"ఆరు నిమిషాల్లో పాలు కూడా కాగవు," అన్నాడు వరహాలు ఈ సంగతి విన్నప్పుడు.

ఆడిటరు ఆఫీసులో కాగితాలు సర్దుకునే నీలిమని అక్కడికి తీసుకెళ్ళింది అత్తగారి తొడుగులే. మొదట్లో చెల్లెళ్ళతో నవ్వుకోడానికి ఫోటోలు తీసింది. తీస్తూ తీస్తూ ఎప్పుడో పంపడం మానేసింది. తియ్యడం మాత్రం మానలేదు. ఎండ ఏ వేళ కిటికీలోంచి మిక్సీ మీద పడుతుందో కనిపెట్టుకుని ఆదివారం నిద్ర మానుకుని లేచేది. దీన్ని ఏమంటారో ఆమెకి తెలీదు. కార్యక్రమం నడిపే వాసు మాత్రం చూడగానే దీన్ని సిరీస్ అంటారన్నాడు.

"కానీ ఆవిడ ఎందుకు కుడుతున్నారు మేడమ్? ఒక కారణం ఉండాలి. ఒక గాయం లాంటిది," అన్నాడు వాసు. అతను ఆర్కిటెక్టు. గోడ ఎందుకని అడిగినా గాయం గురించే చెబుతాడు.

అత్తగారిని అడిగితే సరిపోయేది. ఆ ఇంట్లో కారణాలు అడిగే అలవాటు లేదు. అందుకని ఉదయ్ ఒక తుఫాను ఇచ్చాడు.

ఆ ఇంట్లో క్షమించమనే అలవాటు కూడా లేదు. తప్పు చేసినవాళ్ళు మర్నాడు పొద్దున్నే లేచి, ఎవరూ చెప్పకుండా నీళ్ళ మోటారు వేస్తారు. అంతటితో సరి. మూడు రోజులుగా మోటారు నీలిమే వేస్తోంది. రెండుసార్లు ట్యాంకు పొంగి పొరుగింటి బట్టలు తడిశాయి. ఆదిలక్ష్మమ్మ పలకలేదు.

అన్నం మాత్రం మానలేదు. ఆఫీసుకెళ్ళిన రెండు రోజులూ నీలిమ డబ్బాలో గుత్తివంకాయే. నీలిమకి ప్రాణం ఆ కూర. రెండో రోజు ఆ డబ్బా ఆఫీసులో తెరిచి, వెంటనే మళ్ళీ మూత పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

ఇరవయ్యో బొమ్మ మార్చింది అప్పుడే. చివరి ఇరవై సెకన్లలో ఆ మెసేజీ తెర మీద పెట్టి, మొదట నేను ఇలా నవ్వానని అందరి ముందూ ఒప్పేసుకోవాలనుకుంది. ఇంట్లో చెప్పలేనిది హాల్లో చెప్పడం తేలిక. హాల్లో అత్తగారు ఉండరు కదా.

*

అయిదున్నరకి ఆదిలక్ష్మమ్మ జరీ అంచు చీర కట్టుకుని, తల్లో కనకాంబరాలు పెట్టుకుని, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"ఎక్కడికే?" అన్నాడు వరహాలు.

"మీటింగుకి."

"నిన్ను పిలిసినారేటి?"

"నన్ను పిలవడమేటి. నా సామాన్లు ఎల్తన్నాయి కదా."

నీలిమ చేతిలో దువ్వెన ఆగిపోయింది. "అత్తయ్యా, అక్కడ ఏసీ ఎక్కువ. మీకు పడదేమో."

మూడు రోజుల్లో మొదటిసారి ఆదిలక్ష్మమ్మ కోడలి మొహంలోకి చూసింది.

"నా ఎనకమాల నవ్వడం ఎందుకమ్మాయి. ఎదర కూకుంటాను. సూసుకుని నవ్వండి."

ఉదయ్ తాళాలు లేని జేబులో తాళాలు వెతికాడు. తర్వాత నీలిమ దగ్గరికొచ్చి చెవిలో, "ఇప్పుడైనా తీసేయ్," అన్నాడు.

"కంప్యూటరు వాసు దగ్గర ఉంది."

"ఫోన్ చెయ్."

నీలిమ ఫోను తీసింది. వాసు ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. మూడోసారి చెయ్యబోతే కారులోంచి అత్తగారు పిలిచింది.

నలుగురూ కారెక్కారు. సీట్ల మీద గుడ్డ తొడుగులు తీసేశాక కంపెనీవాడు వేసిన ప్లాస్టిక్ కవరు బయటపడింది. ఆరేళ్ళుగా ఎవరూ దాన్ని చింపలేదు. కొత్త కారు పాతబడకూడదని. మలుపు తిరిగినప్పుడల్లా నలుగురూ ఒకేసారి చప్పుడు చేస్తూ పక్కకి జారారు.

"సిగ్నలు," అంది ఆదిలక్ష్మమ్మ ఎన్.ఎ.డి. కూడలి దగ్గర. దారి మొత్తానికి అదొక్కటే మాట.

*

హాలు నిండింది. ఆదిలక్ష్మమ్మ మూడో వరసలో, వీపు కుర్చీకి ఆనించకుండా కూర్చుంది. పక్కన వరహాలు. ఆ పక్కన ఉదయ్, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు.

మొదట ఒకాయన ఇరవై టీ కప్పులు చూపించాడు. ఇరవయ్యీ ఖాళీవే.

"తాగీసి తీసినాడేటి ఫోటోలు?" అన్నాడు వరహాలు. ఎవరో ఉష్ అన్నారు.

తర్వాత ఒక కుర్రాడు ఓడల మీద పట్టిన తుప్పు చూపించాడు. ఎర్ర తుప్పు, పసుప్పచ్చ తుప్పు, పొరలు పొరలుగా లేచిన తుప్పు. ఉప్పుగాలి ఇనుముతో చేసే సంభాషణ అన్నాడు. జనం నిట్టూర్చారు.

"తొడుగెయ్యకపోతే అలగే అవుద్ది," అంది ఆదిలక్ష్మమ్మ, మామూలు గొంతుతోనే.

మెట్ల పక్కన నిలబడి ఉన్న నీలిమకి ఆ మాట వినపడింది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. అప్పుడే వాసు ఆమె పేరు పిలిచాడు. ఇరవయ్యో బొమ్మ గురించి చెప్పబోయింది. "మధ్యలో ముట్టుకుంటే మొత్తం పోతుంది మేడమ్. కానీండి," అని మైకు చేతికిచ్చాడు.

మొదటి బొమ్మ పడింది. ఇంటర్నెట్ డబ్బాకి ఉన్ని కుల్లాయి. రెండు యాంటెనాలూ చెవుల్లా పైకి నిక్కి ఉన్నాయి.

హాలు నవ్వింది. మంచి నవ్వే. నీలిమ అత్తగారి వైపు చూడలేదు.

"ఇది మా ఇల్లు. మా ఇంట్లో అన్నిటికీ బట్టలున్నాయి," అంది.

రెండోది సిలిండరు లంగా. మూడోది టీవీ రిమోటు, లోపల ప్లాస్టిక్, పైన గుడ్డ. మావయ్య తడుముకుని ఛానెల్ మారుస్తారని చెప్పింది. మళ్ళీ నవ్వారు. వరహాలు కూడా నవ్వాడు, వేరే ఎవరి గురించో అనుకుని.

నాలుగోది ఫ్రిజ్.

నీలిమ అనుకున్న కథ మొదలుపెట్టింది. "హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంటి కిటికీలు విరిగిపోయాయి. ఇంట్లో ఒక్క వస్తువు మిగల్లేదు. ఆ రోజు నుంచీ మా అత్తగారికి భయం. ఏ వస్తువు పోతుందో అని..."

హాలు మెత్తబడింది. ఎవరో "అయ్యో" అన్నారు. వాసు తల పంకించాడు. గాయం దొరికింది.

"కాదు."

మూడో వరసలోంచి వచ్చింది ఆ మాట. ఆదిలక్ష్మమ్మ లేచి నిలబడి ఉంది.

"కాదమ్మాయి. తుఫానుకి ముందే కుట్టినాను అది. ఫ్రిజ్ కొన్ననాడే కుట్టినాను. నాకు భయమేటి? ఆవేళ భయపడిపోనాది ఇడు." కొడుకుని చూపించింది. "మంచం కిందకి దూరీసినాడు. అప్పటికి ఇడికి డిగ్రీ అయిపోనాది."

హాలు మొత్తం ఉదయ్ వైపు తిరిగింది. ఉదయ్ ఒక సేఫ్టీ అధికారికి తగినట్టు తలొంచుకున్నాడు.

"అమ్మా, కూర్చో," అన్నాడు.

"కూకున్నాను కదరా ఇంతసేపూ." ఆవిడ వరసలోంచి బయటికొచ్చి, మెట్లెక్కి, కోడలి పక్కన నిలబడింది. ఈలోగా తెర మీద ఒక బొమ్మ వచ్చి వెళ్ళిపోయింది.

"అత్తయ్యా, నేను మీకు మర్యాదగా ఉంటుందని..."

"మర్యాదేటి ఇందల? నవ్వితే నవ్వుకోండి, ఇలగ జాలి పడీకండి నామీద." మైకులో పడుతోందని ఆవిడకి తెలీదు. "నాకు కుట్టడం ఇష్టం. దేనికైనా కొలత తీసి తొడిగితే అతికినట్టు కూకోవాల. అలగ కూకుంటే సూడ్డానికి నాకు బాగుంటాది. అంతే. దానికి తుఫానొకటా."

నీలిమ నాలుగేళ్ళు ఆ తొడుగుల మధ్య తిరిగింది, ఏడాది పాటు ఫోటోలు తీసింది. ఇష్టం అనే మాట మాత్రం తట్టలేదు.

మైకు అత్తగారి చేతిలో పెట్టింది. పెట్టాక గుర్తొచ్చింది, చివర్లో ఏ బొమ్మ ఉందో.

"ఆగదా ఇది?" అంది ఆదిలక్ష్మమ్మ, తెర మీద మరో బొమ్మ మారడం చూసి.

"ఆగదండీ," అన్నాడు వాసు.

"సరే అయితే." రెండు పొయ్యిల మీద పప్పూ పాలూ పెట్టి మధ్యలో కూర తరిగే మనిషికి ఇరవై సెకన్లు అంత తక్కువేం కాదు. "ఇది మిక్సీది. గుండ్రం కొయ్యడం అందరికీ రాదు. కాయితం మీద గీసుకుని, కొంచెం పెద్దగా కొయ్యాల. కుట్టినాక తగ్గుద్ది."

మారింది.

"ఇస్త్రీపెట్టిది. వేడి మీద తొడిగీకండి."

మారింది. హాలు నవ్వుతోంది, కానీ ఆవిడ ఎప్పుడు ఆగితే అప్పుడు ఆగుతోంది.

"ఇది మా ఆయన హెల్మెట్టుది. ఆయన హెల్మెట్టు పెట్టుకోరు. తొడుగు పాడవదని నాను ఊరుకున్నాను."

ఒక బొమ్మ దగ్గర ఏమీ మాట్లాడలేదు. వాషింగ్ మెషీన్ తొడుగు. దాని వైపే చూస్తూ నిలబడింది. సెకన్లు గడిచాయి. మారే ముందు, "ఇది కుదరలేదు. ఎడం పక్క లాగీసినాది," అంది. అలా ఒప్పుకున్నందుకు చప్పట్లు పడ్డాయి. తుప్పు కుర్రాడు అందరికంటే గట్టిగా కొట్టాడు.

నీలిమ ఎన్నో బొమ్మ నడుస్తోందో వేళ్ళ మీద చూసుకుంటోంది. పదిహేడు. పద్దెనిమిది. వాసు బల్ల నాలుగడుగుల దూరంలో ఉంది. దాని మీద కంప్యూటరు. వైరు లాగితే చాలు. మూడో వరసలోంచి ఉదయ్ చేత్తో లాగెయ్, లాగెయ్ అని చూపిస్తున్నాడు.

రెండడుగులు వేసింది.

పంతొమ్మిదో బొమ్మ పడింది. నీలిరంగు గళ్ళ గుడ్డ సంచి. నీలిమ రోజూ ఆఫీసుకి అన్నం పట్టుకెళ్ళేది అందులోనే.

"ఇది మా కోడల్ది," అంది ఆదిలక్ష్మమ్మ. "బస్సులో నిలబడి ఎల్తాది. ఎవలో ఒకలు తగుల్తారు. పులుసు ఒలికితే చీర పాడయిపోద్దని లోపల రైన్‌కోటు గుడ్డ ఏసినాను. పైకి కనపడదు. అడుగున రెండు కుట్లు. ఇదొక్కటీ రెండుసార్లు విప్పి కుట్టినాను. మొదటిసారి చెయ్యి పట్టుకునే కాడ గరుగ్గా ఉన్నాదని."

నాలుగేళ్ళు ఆ సంచి మోసింది నీలిమ. లోపల ఇంకో గుడ్డ ఉందని ఆమెకి తెలీదు. పులుసు ఎప్పుడూ ఒలకలేదనే అనుకుంది.

రెండడుగుల దగ్గరే ఆగిపోయింది. వైరు వైపు చూసింది. ఉదయ్ వైపు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి వచ్చి అత్తగారి పక్కనే నిలబడింది.

ఇరవయ్యో బొమ్మ పడింది.

పూల ఫ్రిజ్ తొడుగు. దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో నీలిమ మాట, గోడంత పెద్దగా. దాని కింద పసుపు మొహాలు, ఒక్కొక్కటీ గుమ్మడికాయంత.

చదువుకున్న హాలు కాబట్టి ముందు చదివింది. రెండు నవ్వులు లేచి మధ్యలోనే ఆగిపోయాయి. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. బయట పోర్టులో ఏదో ఓడ కూత పెట్టింది.

ఆదిలక్ష్మమ్మ తెర చూసింది. పసుపు మొహాల్ని గుర్తుపట్టింది. తర్వాత జనం మొహాలు చూసింది, వరసగా, తొందర లేకుండా.

ఇరవై సెకన్లయిపోయాయి. బొమ్మ మారలేదు. ఇరవయ్యో బొమ్మ తర్వాత మారడానికి ఇంకో బొమ్మ లేదు. వాసు బల్ల దగ్గరికి పరుగెత్తబోయాడు.

"ఉంచు బాబూ," అంది ఆదిలక్ష్మమ్మ. వాసు ఆగాడు.

ఆవిడ మైకు కోడలి వైపు చాపింది.

"ఉదయ్ సదివితే బాగుందని సదివినాడు. ఆడు నా కడుపున పుట్టినాడు, ఆడలగే సదువుతాడు. నువ్వు సదువు అమ్మాయి. ఏటున్నాదో అదే సదువు."

"అత్తయ్యా..."

"నాను ఎక్కడికీ ఎల్లను. ఇక్కడే ఉంటాను నీ పక్కన. సదువు."

నీలిమ మైకు తీసుకుంది. అత్తగారి అరచేతి వేడి దానికి ఇంకా అంటుకునే ఉంది. తెర మీద తన మాట, మొత్తం ఆరు పదాలు, కదలకుండా నిలబడి ఉంది. మొదటి పదం దగ్గర ఊపిరి తీసుకుని, నోరు తెరిచింది.